గేమ్ ఎప్పుడు ఆగింది? గ్రాఫిక్స్ కార్డును తప్పుపట్టే ముందు అడగాల్సిన మాట

గేమ్ మంచి ఊపులో ఉండగా తెర నల్లబడుతుంది. స్పీకర్లో శబ్దం గీతలు పడ్డ సీడీలాగా ఒక్క ముక్క దగ్గరే తిరుగుతుంది. రెండు మూడు సెకన్లకు డెస్క్‌టాప్ తిరిగొస్తుంది కానీ గేమ్ ఉండదు. మూలన చిన్న పెట్టెలో ఇంగ్లిషులో ఒక వాక్యం మాత్రం ఉంటుంది: డిస్‌ప్లే డ్రైవర్ పలకడం మానేసింది, మళ్లీ కోలుకుంది అని. నల్గొండలోనైనా, మిర్యాలగూడలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ఆ సీపీయూను మోసుకుని రిపేరు షాపుకు పోతే సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "ఫార్మాట్ కొడదాం" అంటారు, లేదంటే "కార్డు పోయింది, కొత్తది వేయాలె" అంటారు. మొదటిదానికి ఖర్చు వందల్లో, రెండోదానికి వేలల్లో. రెండు తీర్పులూ ఒక్కోసారి నిజమే కావచ్చు. కాకపోతే తీర్పుకు ముందు అడగాల్సిన ప్రశ్నను అడిగేవాళ్లు తక్కువ. అసలు గేమ్ ఎప్పుడు ఆగుతోంది? తెరవగానేనా, లోడవుతుండగానా, అరగంట ఆడాకా, సాయంత్రం పూట మాత్రమేనా? దీనికి జవాబు దొరికితే సగం వెతుకులాట అక్కడే తీరిపోతుంది.

రెండు సెకన్ల గడువు

ముందు ఆ పెట్టెలోని వాక్యం సంగతి. విండోస్ విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ ఒక కాపలా పెట్టింది. పేరు టైమౌట్ డిటెక్షన్ అండ్ రికవరీ, పొట్టిగా టీడీఆర్. గ్రాఫిక్స్ కార్డుకు ఒక పని అప్పగించాక మామూలుగా రెండు సెకన్లు చూస్తుంది. ఆలోగా కార్డు ఆ పని ముగించకపోయినా, వదిలిపెట్టకపోయినా అది బిగుసుకుపోయిందని లెక్కగట్టి డ్రైవర్‌తో, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌తో సహా కార్డును మళ్లీ మొదటి నుంచి లేపుతుంది. ఈ ఏర్పాటు లేని రోజుల్లో ఇలాంటప్పుడు మొత్తం కంప్యూటరే హ్యాంగ్ అయ్యేది, పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప దారి ఉండేది కాదు.

సిస్టమ్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ఈ ఘటన 4101 నంబరు కింద నమోదై ఉంటుంది. ఎన్‌విడియా కార్డయితే పక్కన 'ఎన్‌వీ'తో మొదలయ్యే ఒక డ్రైవర్ ఫైలు పేరు కూడా ఉంటుంది. ఆ పేరు చూసి డ్రైవర్‌దే నేరం అనుకుంటారు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే తాగాడంటారు కదా, డ్రైవర్ పరిస్థితి అదే. కార్డుకు కరెంటు చాలకపోయినా, ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైనా, గేమ్ రాసినవాళ్లే తప్పు చేసినా చివరికి ఆగిపోయేది కార్డు, పేరు పడేది డ్రైవర్‌కి. కొన్ని గేములు తమ సొంత పెట్టెలో 'డివైస్ హంగ్', 'డివైస్ రిమూవ్డ్' అని చూపిస్తాయి. రిమూవ్డ్ అన్నారని క్యాబినెట్ తెరిచి కార్డును ఎవరైనా పీకారా అని చూసుకోనక్కర్లేదు. కార్డుతో గేమ్‌కు ఉన్న లంకె తెగిందని మాత్రమే దాని అర్థం.

విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలోకి వెళ్లి ఈ రెండు సెకన్ల గడువును పదికో అరవైకో పెంచమని చెప్పే వీడియోలు లెక్కలేనన్ని. వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లకు అది పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక్కో పని నిజంగానే సెకన్లు పట్టవచ్చు. గేమ్‌లో సెకనుకు 60 బొమ్మలు గీయాల్సిన కార్డు ఒక బొమ్మ దగ్గర రెండు సెకన్లు ఆగిందంటే గడువు పెంచి ఏం లాభం? క్రాష్ బదులు పది సెకన్లు బిగుసుకుపోయిన తెర చూడాల్సి వస్తుంది, అంతే.

ఇప్పటి గేముల్లో ఇలాంటివి ఎక్కువ కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది, గేమ్ కార్డుతో మాట్లాడే పద్ధతి మారడం. 2015లో విండోస్ 10తో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12, 2016లో వచ్చిన వల్కన్ కార్డు మెమరీని పంచే పని, పనుల వరుస చూసుకునే పని డ్రైవర్ చేతిలోంచి తీసి చాలామటుకు గేమ్ రాసేవాళ్ల చేతిలో పెట్టాయి. వేగం పెరిగింది, దాంతోపాటు తప్పులు చేసే వీలూ పెరిగింది. గేమ్ సెట్టింగుల్లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఉంటే ఒకసారి దానికి మార్చి ఆడి చూడటం ఖర్చులేని పరీక్ష. అందులో ఆగకుండా నడిస్తే కార్డు మీద అనుమానం చాలావరకు పోతుంది.

తెరవగానే ఆగితే

ఇది అన్నిటికంటే తేలిక. కార్డు బరువు మోయడం ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి వేడి, కరెంటు అనుమానాలు దాదాపు పక్కన పెట్టొచ్చు. అసెంబుల్డ్ సిస్టమ్‌లలో ఇప్పటికీ కనిపించే జీటీ 710, జీటీ 730 కార్డుల కథే చూడండి. వాటిలో ఎక్కువ భాగం ఎన్‌విడియా పాత చిప్‌లైన కెప్లర్ తరానివి. ఆ తరానికి కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా 2021లోనే ఆపేసింది. పైగా డైరెక్ట్‌ఎక్స్ 12 పేరు డబ్బా మీద ఉన్నా, అవి అందుకోగలిగేది 11.0 స్థాయి సదుపాయాలే. ఆ పైస్థాయి అడిగే గేమ్ తెరుచుకోనే తెరుచుకోదు. కార్డు పాడవలేదు, వయసైపోయింది. ఎన్ని డ్రైవర్లు మార్చినా ఫలితం ఉండదు.

నకిలీ కార్డులు ఇంకో రకం. అంతకంటే పాత ఫెర్మీ తరం చిప్ మీద బయోస్ (కార్డు లోపల ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి, జీటీఎక్స్ 1050 టీఐ అని చూపించేలా చేసినవి మార్కెట్లోకి వచ్చాయి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ 2018 నుంచి ఇలాంటివాటిని పట్టి, పేరుకు ముందు నకిలీ అని చూపిస్తోంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేటప్పుడు అమ్మేవాడి ఎదుటే దాన్ని నడిపి చూడటం మొహమాటపడాల్సిన విషయమేమీ కాదు.

ల్యాప్‌టాప్‌లో అయితే గేమ్ అసలు గ్రాఫిక్స్ కార్డును వదిలేసి ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద తెరుచుకుంటూ ఉండొచ్చు. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఆ గేమ్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచితే సరిపోతుంది. డెస్క్‌టాప్‌లో మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చి నెలల తరబడి ఆడినవాళ్లూ ఉంటారు. ఇక క్రాక్ చేసిన రీప్యాక్‌ల, అంటే కొనకుండా దించుకునే దొంగ కాపీల విషయంలో ఒక్క మాట. ఏ ఫైలు యాంటీవైరస్ మింగిందో, ఏది మొదటి నుంచే లేదో తేల్చే దారి లేదు. అలాంటి గేమ్ ఆగితే దాన్నిబట్టి సిస్టమ్ గురించి ఏ నిర్ణయానికీ రాకూడదు. కొన్న గేమ్ అయితే స్టీమ్‌లో ఫైళ్లను సరిచూసే బటన్ ఉంటుంది, ముందు అది నొక్కాలి.

మెమరీ చాలలేదని అబద్ధం చెప్పిన గేములు

లోడింగ్ దగ్గర, ముఖ్యంగా షేడర్లు (వెలుగు, రంగులు ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్న దశలో ఆగితే చూపు కార్డు మీద నుంచి ప్రాసెసర్, ర్యామ్ వైపు మళ్లాలి. షేడర్లు తయారు చేసేది, గేమ్ ఫైళ్లను విప్పేది ప్రాసెసరే. దీనికి ఇంటెల్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ దొరకదు. 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 ప్రాసెసర్లున్న సిస్టమ్‌లలో అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారైన గేములు 'వీడియో మెమరీ చాలలేదు' అంటూ ఆగిపోవడం మొదలైంది. 24 జీబీ మెమరీ ఉన్న కార్డు మీద కూడా అదే మాట. కార్డులు మార్చారు, డ్రైవర్లు మార్చారు. ఫైళ్లను విప్పే ఊడుల్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన రాడ్ గేమ్ టూల్స్ వాళ్లు అసలు సంగతి చెప్పారు: విప్పుతున్నప్పుడే ప్రాసెసర్ తప్పు లెక్క చేస్తోంది, తప్పుడు డేటా ముందుకు పోయి గ్రాఫిక్స్ తప్పుగా బయటపడుతోంది.

2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. చిప్‌ను లోపలి నుంచి నడిపే మైక్రోకోడ్‌లోని లోపం వల్ల ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని చెప్పి, ఆగస్టులో సవరణ విడుదల చేసింది. వారంటీని ఇంకో రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు, ఇకముందు దెబ్బ తగలకుండా చూస్తుంది. ఇది మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ రూపంలో వస్తుంది కాబట్టి మన దగ్గర ఒక చిక్కు ఉంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే మూగబోవచ్చు. యూపీఎస్ లేకుండా, వాన ముసురులో ఈ పని పెట్టుకోకూడదు.

ఇంటెల్ కాకపోయినా ర్యామ్ అనుమానం మిగిలే ఉంటుంది. ఒక కంపెనీది 8 జీబీ ముందే ఉంటే, ఇంకో కంపెనీది ఇంకో 8 తెచ్చి పక్కన గుచ్చడం మామూలే. రెండూ విడివిడిగా బాగుండి, కలిపితే ఎక్స్‌ఎంపీ వేగంలో, అంటే ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగులో తడబడొచ్చు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపి ఒక రోజు ఆడాలి, రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టాలి. ఇంకో సంగతి, ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని పేజ్ ఫైలును (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో విండోస్ వాడుకునే చోటును) ఆపేసేవాళ్లున్నారు. 16 జీబీ ర్యామ్ ఉందన్న ధీమాతో అలా చేస్తే పెద్ద గేములు మెమరీ అడిగి, దొరక్క, తలుపు మూసుకుంటాయి. ఆ సెట్టింగును విండోస్‌కే వదిలేయడం మేలు.

అరగంట తర్వాత ఆగితే

కార్డు వేడి ఎప్పుడూ గది వేడి మీద ఎక్కే మెట్టు. 25 డిగ్రీల గదిలో 72 దగ్గర నిలిచే కార్డు, అదే గేమ్‌కు 42 డిగ్రీల గదిలో 90కి దగ్గరవుతుంది. నల్గొండలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. పైకప్పు రేకులదో, పై అంతస్తు స్లాబుదో అయితే రాత్రి పదింటికి కూడా గది చల్లారదు. డిసెంబరులో ఆగని గేమ్ మేలో ఆగుతోందంటే అనుమానం ఎటు వెళ్లాలో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇప్పటి కార్డులు వేడెక్కితే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. కోర్ వేడి వల్లే క్రాష్ అవడం అనుకున్నంత ఎక్కువ కాదు. గేమ్ నత్తనడక నడుస్తుంది, ఆగదు. ఆపేది చాలాసార్లు చిప్ పక్కనున్న మెమరీ, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే భాగాలు. వాటి వేడిని హీట్‌సింకుకు చేర్చే థర్మల్ ప్యాడ్ ఎండిపోతే కోర్ 75 దగ్గర నిమ్మళంగా ఉన్నా మెమరీ కాలిపోతుంటుంది. వేడి కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో కొన్ని కార్డులకు మెమరీ వేడి, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) విడిగా కనిపిస్తాయి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న కార్డుల్లో అది 110కి చేరితే హద్దుకు వచ్చినట్టే.

పరీక్ష సులువు. క్యాబినెట్ పక్క పలక తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడాలి. అరగంటకు ఆగేది గంటన్నర నడిచిందా, దోషి వేడే. అప్పుడు బ్లోయర్ పట్టాలి. రైసు మిల్లులకు పేరున్న మిర్యాలగూడలో ఊక దుమ్ము, వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు దుమ్ము, ఏ జిల్లాలోనైనా రోడ్డు పక్క ఇల్లయితే మట్టి. ఫ్యాన్ వెనక హీట్‌సింకు రేకుల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. బయటికి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నీళ్ల కూలర్‌ను నేరుగా సీపీయూ మీదికి తిప్పి పెట్టడం ఇంకో అలవాటు. గదిని చల్లబరచడం మంచిదే, కానీ ఆ తడిగాలి దుమ్మును కలుపుకుని రేకుల మీద పిడకలా అంటుకుంటుంది, తర్వాత బ్లోయర్‌కు కూడా రాదు. కూలర్ గాలి మనిషి వైపు ఉండాలి, సీపీయూ దానికి ఎదురుగా కాక పక్కకు ఉండాలి.

సాయంత్రం ఏడింటికి ఆగితే

పొద్దున, అర్ధరాత్రి బాగా నడిచి, సాయంత్రాలు మాత్రం ఆగుతోందంటే గేమ్‌నూ కార్డునూ కాసేపు వదిలి గోడ ప్లగ్గు వైపు చూడాలి. దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు, ఇటు శ్రీశైలం ఎడమగట్టు, జూరాల, నాగార్జునసాగర్. కరెంటు పుట్టే చోటుకు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతం ఇది. అయినా ఒక ఇంటి ప్లగ్గులో ఎంత వోల్టేజీ ఉందో తేల్చేది ఆ వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద పడ్డ బరువు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దానికి ముందు ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం జరిగింది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే లైను కుంగిపోతుందనేది అందులో ఒక కారణం. మోటారు లేచే క్షణంలో మామూలు కంటే చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. పట్నంలో పొలం మోటార్లు లేకపోయినా ఇంటింటికీ బోరు ఉంది, ట్యాంకు నింపే వేళ అందరిదీ ఒకటే. బల్బు ఒకసారి డిమ్మై మళ్లీ వెలగడం చూస్తూనే ఉంటాం.

బల్బు డిమ్మై ఊరుకుంటుంది. క్యాబినెట్‌లో ప్లగ్గు కరెంటును సిస్టమ్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్, అది అలా కాదు. దాని లోపలి పెద్ద కెపాసిటర్ నిలవ ఉంచుకున్న శక్తితో కరెంటు తడబాటును దాటుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. మంచి ఎస్‌ఎంపీఎస్ 80 శాతం బరువు మీద దాదాపు 16, 17 మిల్లీసెకన్లు నిలబడాలని ప్రమాణం. క్యాబినెట్‌తో పాటు వచ్చే చౌక రకాల్లో వోల్టేజీ తగ్గినా లోపలి నిలవను నిలకడగా ఉంచే పీఎఫ్‌సీ సర్క్యూట్ ఉండదు, కాబట్టి లోపలి నిలవ బయటి వోల్టేజీని బట్టి ఉంటుంది, అదీ వర్గం లెక్కన. 230 బదులు 170 వోల్టులు వస్తుంటే నిలవ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే గేమ్‌లో పేలుడు సీను వచ్చి కార్డు ఒక్కసారి గుంజుకుంటే 12 వోల్టుల లైను 11.4 కంటే కిందికి జారుతుంది. అక్కడే కార్డు బిగుసుకుపోతుంది, లేదంటే మొత్తం సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

ఈ రెండిటికీ ఈవెంట్ వ్యూయర్‌లో వేర్వేరు గుర్తులున్నాయి. డెస్క్‌టాప్ తిరిగొస్తే 4101. బ్లూ స్క్రీన్ కూడా లేకుండా ఠక్కున రీస్టార్ట్ అయితే కెర్నల్ పవర్ 41 ఉంటుంది, దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంటుంది. 41, సున్నా కలిసి పదేపదే కనిపిస్తుంటే ఫార్మాట్ కొట్టడం డబ్బు దండగ.

ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన కాగితం కూడా చదవాలి. పైన 450 వాట్లని పెద్దక్షరాల్లో ఉండి, 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లని ఉంటే కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి దక్కేది 216 వాట్లే. ఒక్క ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకే 170 వాట్లు కావాలి. పైగా కార్డుల లాగుడు నిలకడగా ఉండదు, మిల్లీసెకన్ల పాటు చెప్పిన దానికంటే ఎంతో పైకి ఎగురుతుంది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్ ప్రమాణం, 450 వాట్లకు మించినవి తమ సామర్థ్యానికి రెట్టింపు లాగుడును 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టింది. కార్డుకు 8 పిన్నుల ప్లగ్గు అవసరమై, ఎస్‌ఎంపీఎస్‌లో లేక, హార్డ్‌డిస్కు వైర్ల నుంచి కన్వర్టర్ వేసిన సిస్టమ్ కనిపిస్తే ఇంకేమీ వెతక్కుండా ముందు అది మార్చాలి. 8 పిన్నుల దారి 150 వాట్లు మోయాలి, ఆ సన్న వైర్లు అందుకు పుట్టలేదు.

యూపీఎస్ ఉందిగా అంటారు. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే, అదీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు. రెండేళ్ల బ్యాటరీతో గేమ్ మధ్యలో మారితే అదే సిస్టమ్‌ను ఆపేస్తుంది. ఒక సాయంత్రం యూపీఎస్ తీసేసి నేరుగా ఆడి చూడటం కూడా పరీక్షే. అలాగే కార్డు పవర్ లిమిట్‌ను (అది లాగగలిగే కరెంటు హద్దును) ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో 75 శాతానికి దించి చూడాలి. దించితే నిలబడి, పెంచితే ఆగుతుంటే కరెంటు మీదో, కార్డు మీదో గురి కుదిరినట్టే. ఆ రెండిట్లో ఏదో తేల్చడానికి ఇంకో అడుగు కావాలి.

నిజంగా కార్డుదే అయినప్పుడు

తెర మీద రంగురంగుల చుక్కలు, చదరంగం గళ్లు, మనుషుల బొమ్మల్లోంచి సూదుల్లా సాగిన త్రికోణాలు కనిపించి, గేమ్ ఏదైనా అదే తంతు అయితే వీడియో మెమరీ చెడిపోతోందని గట్టిగా అనుకోవచ్చు. ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ, గ్రాఫిక్స్ కార్డులతో నాణేలు సంపాదించే మైనింగ్ పద్ధతిని 2022 సెప్టెంబరు 15న వదిలేశాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి గుంపులుగా వచ్చాయి. వాటిలో కొన్నిటికి మైనింగ్ కోసం బయోస్ మార్చి, మెమరీని మోయలేని వేగంతో ఉరికించేలా పెట్టి ఉంటారు. అసలు బయోస్ తిరిగి ఎక్కిస్తే కొన్ని దారికొస్తాయి. కొత్త కార్డయినా ఫ్యాక్టరీలో వేగం పెంచి అమ్మిన రకమైతే కోర్‌ను 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడాలి. తగ్గిస్తే ఆగడం లేదంటే, వారంటీలో ఉంటే వెనక్కి ఇచ్చేయడమే సరైన పని. తగ్గించుకుని సర్దుకుపోవడం కొన్నవాళ్ల బాధ్యత కాదు.

డ్రైవర్ కూడా ఎప్పుడూ అమాయకురాలేం కాదు. 2010 మార్చిలో ఎన్‌విడియా 196.75 డ్రైవర్ ఫ్యాన్లను సరిగా తిప్పక కార్డులను వేడెక్కించింది, దాన్ని వెంటనే వెనక్కి తీసుకున్నారు. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చిన డ్రైవర్లలో నల్ల తెర గొడవలకు వరుసగా హాట్‌ఫిక్సులు ఇచ్చుకోవాల్సి వచ్చింది. క్రాష్‌లు సరిగ్గా డ్రైవర్ మారిన రోజు నుంచే మొదలైతే, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పూర్తిగా తుడిచి, నెట్ తీసేసి, అంతకు ముందు బాగా నడిచిన వెర్షన్ వేయాలి. నెట్ ఎందుకు తీయాలంటే, ఆ ఖాళీలో విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్ దించుకుంటుంది.

ఈ పనులన్నీ ఒకే ఆదివారం చేస్తే మాత్రం వెతుకులాట మొత్తం మట్టిలో కలుస్తుంది. డ్రైవర్ మార్చి, పేస్టు వేసి, ర్యామ్ తుడిచి గుచ్చి, బయోస్ అప్‌డేట్ చేశాక గేమ్ నడిస్తే ఏది పనిచేసిందో తెలియదు. నడవకపోతే ఏది కొత్తగా చెడిందో తెలియదు. ఒకటి మార్చాలి, రెండు రోజులు ఆడాలి, ఆగిన టైము, అప్పటి వేడి, ఈవెంట్ నంబరు ఒక కాగితం మీద రాయాలి.

చివరి అడుగు అదలాబదలీ. మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న స్నేహితుడి సిస్టమ్‌లో ఈ కార్డు పెట్టి అదే గేమ్ రెండు గంటలు ఆడాలి. కార్డు మార్చాలంటే నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల మాట, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ దాకా పోయి రావడమంటే ఒక రోజు పోయినట్టే. ఆ ప్రయాణానికి ముందు ఈ రెండు గంటలు పెట్టుకోవచ్చు. కార్డు అక్కడా చుక్కలు చూపిస్తే బస్సెక్కడమే. అక్కడ నిక్షేపంగా నడిస్తే, మార్చాల్సింది ఇంట్లో క్యాబినెట్ మూలన దుమ్ము పట్టి కూర్చున్న ఎస్‌ఎంపీఎస్ కావచ్చు.